స్టేజీ నంబరు ఏడు

మూడో నంబరు కిటికీ ముందు వరసలో నిలబడ్డ ఆవిడని చూడగానే సమాచార అధికారిణికి గొంతులో టీ అడ్డం పడింది. వరసలో నిలబడ్డది ఆమె అత్తగారు.

పొద్దున ఇద్దరూ ఒకే వంటింట్లో, ఒకే గిన్నెలోంచి టీ పోసుకుని తాగారు. "ఇవాళ మీకేమైనా పనుందా అత్తయ్యా?" అని కోడలు అడిగింది కూడా. "నాకేం పని, రిటైరైనదాన్ని" అంది అత్తగారు, ఏమీ ఎరగనట్టు. ఆ రిటైరైన మనిషి ఇప్పుడు ఇస్త్రీ బట్టలు కట్టుకుని, చేతిలో దరఖాస్తు పట్టుకుని, ముందున్న ఇద్దరినీ "కాస్త ముందుకు జరగండి, వెనక జనం ఉన్నారు" అని సర్దుతోంది. వెనక ఎవరూ లేరు. కానీ ముప్పై ఒక్క ఏళ్ళు సిటీ బస్సులో కండక్టరుగా చేసిన మనిషికి ఎక్కడైనా నలుగురు ఒకచోట కనబడితే నోరు ఊరుకోదు. వీధి వీధంతా ఆవిడని కండక్టరమ్మ అనే పిలుస్తారు. ఆవిడ గొంతెత్తితే ఆ వీధిలో సైకిళ్ళు కూడా ఆగుతాయి.

కోడలికి కూడా ఆఫీసులో ఒక పేరుంది. ప్రభుత్వం దగ్గరున్న కాగితం ఎవరు అడిగినా ముప్పై రోజుల్లోగా ఇవ్వాలని చట్టం. ఆమె ఆ రోజుల్ని గోడ క్యాలెండరు మీద ఎర్ర పెన్సిలుతో కొట్టేస్తూ ఉంటుంది. ఫైలు ఇవ్వని సెక్షన్ల వాళ్ళ దగ్గరికి వెళ్ళి "ఇవాళ్టికి పన్నెండు", "ఇవాళ్టికి ఇరవై ఒకటి" అని చెప్పి వచ్చేస్తుంది. ఇంకో మాట అనదు. అనకపోవడమే వాళ్ళకి మరీ కష్టంగా ఉంటుంది. అందుకని వెనకాల అందరూ ఆమెని ముప్పై రోజులు అంటారు.

"చెప్పండమ్మా" అంది ముప్పై రోజులు, కిటికీకి ఇవతల నుంచి, అందరితో అన్నట్టే.

"నమస్కారం మేడమ్ గారూ. నాకు సమాచారం కావాలి" అంది కండక్టరమ్మ, ఈ మనిషిని ఎప్పుడూ చూడనట్టే.

దరఖాస్తు గుండ్రటి అక్షరాలతో, తప్పు లేకుండా ఉంది. గత మూడేళ్ళలో ఊళ్ళో కట్టించిన బస్ షెల్టర్లు ఎన్ని? ఏ ఏ స్టేజీల దగ్గర? ఒక్కోదానికి ఎంత ఖర్చైంది? పూర్తయ్యాక తీసిన ఫొటోలు, స్వయంగా వెళ్ళి చూసినవాళ్ళు సంతకం పెట్టిన పత్రాల నకళ్ళు ఇప్పించగలరు.

కోడలు రుసుము తీసుకుని, ముద్ర వేసి పక్కన పెట్టింది. అత్తగారు కదల్లేదు.

"రసీదు, మేడమ్."

"ఇస్తానమ్మా."

"ఇచ్చాకే కదులుతాను. ముప్పై ఒక్క ఏళ్ళు జనానికి అదే చెప్పాను, టిక్కెట్టు చేతిలో పడేదాకా సీటు మాట ఎత్తకండని."

రసీదు చేతిలో పడ్డాక దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, తేదీ సరిపోయిందని తల ఊపి, మేడమ్ గారికి దండం పెట్టి వెళ్ళిపోయింది. సాయంత్రం కోడలు ఇంటికి వెళ్ళేసరికి మేడమ్ గారి టిఫిను డబ్బా అందుకుని "ఏమిటి అమ్మాయ్, ఆ మొహం అలా వాడిపోయింది? మళ్ళీ తినకుండా తెచ్చావా?" అని కోప్పడింది. దరఖాస్తు ఊసు లేదు.

కోడలు కూడా ఎత్తలేదు. ఎత్తడానికి వీల్లేదు మరి. కాగితం అడిగినవాళ్ళని ఎందుకు అడుగుతున్నారని అధికారి అడగకూడదు. చట్టంలో కోడలికి అన్నిటికంటే నచ్చిన నియమం అదే. జనం సొమ్ముతో పుట్టిన కాగితం జనానిదే, ఎవరి వస్తువు వాళ్ళు అడిగితే కారణం దేనికి అని కొత్తగా చేరిన ప్రతి గుమాస్తాకీ ఆమె పాఠం చెప్తుంది. ఆ నియమం మీద ఆమెకి ఒళ్ళు మండింది ఆ రోజే మొదలు. రాత్రి భోజనాల దగ్గర కూర వడ్డిస్తూ "ఎందుకు అత్తయ్యా?" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఇంట్లో అడిగితే ఒకటి, ఆఫీసులో అడిగితే ఒకటీనా అని మళ్ళీ మింగేసింది.

ఆమె భర్త దంతవైద్యుల కోసం కట్టుడు పళ్ళు తయారుచేస్తాడు. ఎవరి నోట్లో ఏముందో చూసి చెప్పగలడుగానీ, ఈ ఇద్దరి నోళ్ళలో ఏముందో కనిపెట్టే పని ఎప్పుడో మానుకున్నాడు. "ఉప్పు సరిపోయింది" అని మాత్రం అన్నాడు.

ఆ ఇంట్లో అత్తాకోడళ్ళు ఎలా ఉంటారో ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఉతికిన దుప్పట్లు ఇద్దరూ చెరో కొసా పట్టుకుని మడతపెడతారు. ఆ మడతల మధ్యే ఊరి కబుర్లన్నీ అయిపోతాయి. వానాకాలంలో అత్తగారు సాయంత్రం ఐదింటికల్లా వీధి గుమ్మం పక్క మేకుకి పొడి తువ్వాలు తగిలించి పెడుతుంది. ఆఫీసు నుంచి కోడలు తడిసి వస్తుందని. కోడలు గొడుగు తీసుకెళ్ళినా తడిసే వస్తుంది. ఆమె బస్సెక్కే పోస్టాఫీసు స్టాపులో గాలి అలాంటిది.

రెండేళ్ళ క్రితం అత్తగారికి పిత్తాశయంలో రాళ్ళు పడి ఆపరేషన్ చేశారు. ఆ రాళ్ళు పదకొండు. డాక్టరు చిన్న సీసాలో వేసిచ్చాడు. సీసా మీద ఆపరేషన్ తేదీ రాసిన కాగితం అంటించి, ముందుగదిలో అద్దాల బీరువాలో పెట్టుకుంది ఆవిడ. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ ఆ సీసా చూడాల్సిందే. రాళ్ళ తర్వాత ఆవిడ చూపించేది కోడల్ని. "రెండు రాత్రులు కుర్చీలోంచి లేవలేదండీ నా పక్కనుంచి. ఇక ఆఫీసులోనంటారా, మా కోడలు చూడందే సంతకం పెట్టదు" అంటుంది. కూరగాయలమ్మేవాడి దగ్గర కూడా ఆ మాట అంది. వాడికి ఆ సంగతి ఎందుకో ఎవరికీ తెలియదు.

షెల్టర్ల ఫైలు పంతొమ్మిదో రోజున దొరికింది. రికార్డు రూము అటెండరు దుమ్ము దులిపి బల్ల మీద పెట్టాడు. మొత్తం పద్దెనిమిది షెల్టర్లు. ఒక్కోదానికీ ఖర్చు కాగితం, ఒక ఫొటో, చివర్న "స్వయంగా వెళ్ళి చూశాను, పని పూర్తయింది" అని ఒక పత్రం. స్టాపు పేర్లు ఎక్కడా లేవు. ఇంజనీర్ల సెక్షన్‌లో బస్సువాళ్ళ స్టేజీ నంబర్లే రాసుకుంటారు. స్టేజీ నాలుగు, స్టేజీ ఏడు, స్టేజీ పదకొండు. అదే అక్కడి అలవాటు. ఆ నంబర్లు కండక్టర్లకి తప్ప మామూలు జనానికి తెలియవు.

కోడలు వరసగా తిప్పుతూ పోయింది. మొదటి పదిహేను పత్రాల మీద ఎవరిదో పెద్ద సంతకం. చివరి మూడింటి మీద సంతకం కాస్త వంకరగా, కొండ ఎక్కుతున్నట్టు పైకి పోయింది. అది ఆమెదే.

కింద తేదీ చూడాల్సిన అవసరం కూడా లేకపోయింది. అది ఇంట్లో సీసా మీద ఉన్న తేదీ.

అప్పట్లో ఆమె ఇంజనీర్ల సెక్షన్‌లోకి కొత్తగా బదిలీ అయి వచ్చిన పరిశీలన గుమాస్తా. పని అయిన చోటికి వెళ్ళి, కళ్ళతో చూసి, సంతకం పెట్టడమే ఉద్యోగం. ఆ రోజు సెలవు పెట్టి ఆపరేషన్ థియేటరు బయట వరండాలో కూర్చుని ఉంది. ఇదే అటెండరు కాగితాలు పట్టుకుని అక్కడికే వచ్చాడు. వెనకాలే సూపరింటెండెంటు గారి ఫోను: "అమ్మా, ఇవాళే ఏడాది ఆఖరు. సంతకం పడకపోతే డబ్బు వెనక్కి పోతుంది, మళ్ళీ రాదు. షెల్టర్లు అయిపోయాయట, నీకు తీరికైనప్పుడు వెళ్ళి చూద్దువుగాని." లోపల అత్తగారికి మత్తు ఇచ్చారు. తలుపు మీద ఎర్ర దీపం వెలుగుతోంది. ఆమె కాగితాలు టిఫిను డబ్బా మీద పెట్టుకుని, కళ్ళు ఆ దీపం మీదే ఉంచి, మూడు సంతకాలు గీకింది. తర్వాత వెళ్ళి చూద్దాంలే అనుకుంది. ఆ తర్వాత రాలేదు.

ఇప్పుడు వాటిని చూడాలి. కానీ ఏడు అంటే ఏ స్టాపు, పదకొండు అంటే ఏ స్టాపు? బస్సు డిపోకి ఫోను చేస్తే అర నిమిషంలో చెప్తారు. ఆమె చెయ్యలేదు. అడిగితే తెలిసిపోతుందని భయం. పైగా ఊళ్ళో స్టేజీ నంబర్లన్నీ పాటలా అప్పజెప్పగల మనిషి రోజూ పక్కనే కూర్చుని బఠానీలు వలుస్తోంది. ఆ రాత్రి కోడలు కూడా బఠానీలు వలిచింది. గింజలు చెత్తలోనూ తొక్కలు గిన్నెలోనూ వేసింది.

"నీకు ఒంట్లో బాగుందా?" అంది అత్తగారు, నుదుటి మీద చెయ్యి పెట్టి.

"బాగానే ఉంది అత్తయ్యా."

ఆ చెయ్యి అలా ఇంకాసేపు ఉంటే మొత్తం చెప్పేసేదే. అత్తగారు చెయ్యి తీసి గింజలు ఏరుకోవడం మొదలుపెట్టింది.

మర్నాడు సూపరింటెండెంటు గారు పిలిచారు. మంచి మనిషే. రిటైర్మెంటుకి ఏడాదిన్నర ఉంది. ఆ ఏడాదిన్నరా ఏ కాగితం కదలకుండా గడిస్తే చాలని ఆయన కోరిక.

"ఫైలు కనబడలేదని రాసెయ్ అమ్మా. రికార్డు రూము మార్చినప్పుడు ఎన్ని పోలేదు?"

"కనబడింది కదండీ. నా బల్ల మీదే ఉంది."

"ఉంటే ఏం? మళ్ళీ కనబడకుండా పోతుంది." ఆయన గొంతు తగ్గించారు. "సెక్షన్ హెడ్డు జాబితాలో నీ పేరే మొదట ఉంది. వచ్చే నెల ఆర్డర్లు. చూడకుండా సంతకం పెట్టావని ఇప్పుడు బయటపడితే ఆ జాబితా సంగతి అలా ఉంచు, ఈ ఉద్యోగమే ఏమవుతుందో. అయినా ఈ దరఖాస్తు పెట్టిన మహాతల్లి ఎవరు?"

"మా అత్తగారు."

సూపరింటెండెంటు గారికి ప్రాణం లేచొచ్చింది. "ఓసి నీ! ముందే చెప్పొద్దూ? ఇంట్లో ఒక్క మాట అంటే పోయేదానికి ఇంత దిగులు దేనికి? వెనక్కి తీసుకోమను!"

ఆమె కిటికీ దగ్గరికి తిరిగి వచ్చి కూర్చుంది. ఆయన అన్నది నిజమే. ఒక్క మాట చాలు. అత్తగారు ఇంకో మాట అడగకుండా వెనక్కి తీసుకుంటుంది కూడా. తీసుకుని, ఆ తర్వాత ఇంటికి వచ్చినవాళ్ళకి రాళ్ళ సీసా చూపిస్తుంది, కోడల్ని చూపిస్తుంది, చూడందే సంతకం పెట్టదన్న ఆ రెండో మాట మాత్రం అనదు. ఉద్యోగం పోతుందన్న భయం కూడా ఆమెకి అంత దగ్గరగా రాలేదు. ఆ మాట ఇక వినబడదేమోనన్న ఊహకే ఆమెకి ఏడుపొచ్చింది.

కనబడలేదని రాసినా ఆ మాట వినబడుతూనే ఉంటుంది. జీవితాంతం వినబడుతుంది. అది ఇంకా దారుణం అనిపించింది.

ఇరవై తొమ్మిదో రోజున ఆమె నకళ్ళన్నీ తనే తీసింది. ప్రతి కాగితం మీదా "అసలుతో సరిచూశాను" అని రాసి సంతకం పెట్టింది. చివరి మూడు పత్రాల మీద పాత సంతకం, కొత్త సంతకం ఒకదాని కింద ఒకటి పడ్డాయి. కొత్తది తిన్నగానే ఉంది.

అత్తగారు పదింటికే వచ్చి వరసలో నిలబడింది.

"మీ సమాచారం వచ్చిందమ్మా. మొత్తం యాభై ఎనిమిది పేజీలు. లెక్కచూసుకోండి."

అత్తగారు వేలు తడిచేసుకుని యాభై ఎనిమిదీ లెక్కపెట్టి, వరండాలో బెంచీ మీద కూర్చుని కళ్ళజోడు పెట్టుకుంది. కోడలు కిటికీలోంచి చూస్తూనే ఉంది. ముందు పదిహేను ఫొటోలూ చకచకా తిరిగాయి. ఆ తర్వాత ఆవిడ ఒక కాగితం ఎత్తి వెలుగులో పెట్టింది. ఇంకోటి ఎత్తింది. ఇంకోటి. మూడూ ఒళ్ళో పక్కపక్కన పరుచుకుంది.

"ఇది మిల్లు గేటు!" అంది. పక్కన నిలబడ్డ అటెండరుతోనే అంది, కానీ ఆ గొంతు పై అంతస్తుకి కూడా వినబడింది. "ఇదీ మిల్లు గేటే, పక్కనుంచి తీశారు. ఇదిగో, ఇదీ మిల్లు గేటే, వెనకనుంచి! ఒక్క షెల్టరునే మూడు వైపుల నుంచి ఫొటోలు తీసి మూడు షెల్టర్లు చేశారు!"

"మీకెలా తెలుసమ్మా?" అన్నాడు అటెండరు.

"ఈ కరెంటు స్తంభం చూడు. మూడింట్లోనూ నడుం వంచుకుని ఉందా? దాన్ని వంచింది మా బస్సే. డ్రైవరు తుమ్మాడు, తుమ్మి గుద్దాడు. రిపోర్టు రాసింది నేను. నా స్తంభాన్ని నేను గుర్తుపట్టనూ? మిల్లు గేటు స్టేజీ నాలుగు. ఇక్కడేమో ఏడని రాశారు, ఇక్కడ పదకొండని రాశారు. పదకొండు ఆస్పత్రి స్టాపు. ఏడు పోస్టాఫీసు!"

కిటికీ ఇవతల కోడలి చేతిలో ముద్ర జారి బల్ల మీద పడింది. పోస్టాఫీసు. రోజూ సాయంత్రం ఐదున్నరకి తను నిలబడే చోటు.

వరండాలో అత్తగారు ఇంకా ఏదో అనబోతూ పత్రాల పేజీ తిప్పింది. ఆగింది. కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. ఆవిడ వేలు సంతకం మీద నుంచి తేదీ మీదికి జరిగి అక్కడే ఉండిపోయింది. కాగితాలన్నీ సంచిలో పెట్టుకుని, కిటికీ వైపు చూడకుండా మెట్లు దిగి వెళ్ళిపోయింది.

సాయంత్రం వాన పట్టుకుంది. కోడలు పోస్టాఫీసు స్టాపులో నిలబడింది. గొడుగు రెండుసార్లు తిరగబడింది, మూడోసారి ఆమే మూసేసింది. స్టేజీ నంబరు ఏడు. ఇక్కడ రేకు కప్పు ఉంది, నలుగురు కూర్చునే బెంచీ ఉంది, ఒక దీపం కూడా ఉంది. కాగితం అలా చెప్తోంది. రెండేళ్ళుగా ఆ కప్పు కిందే నిలబడి తను తడుస్తోంది. పక్కన చంటిపిల్లని ఎత్తుకున్న ఒకావిడ పిల్ల నెత్తిన ప్లాస్టిక్ సంచి కప్పి నిలబడింది. కోడలు మూసిన గొడుగు తెరిచి ఆవిడ చేతికిచ్చింది. బస్సు వచ్చేసరికి తను నిలువునా తడిసి ముద్దయింది.

ఇంటి గుమ్మం దగ్గరికి వచ్చి ముందు మేకు వైపు చూసింది. ఈవేళ ఉండదనుకుంది. తువ్వాలు ఉంది.

దాంట్లో మొహం పెట్టుకుని అక్కడే నిలబడి ఏడ్చింది. లోపల్నుంచి భర్త లేవబోతే, అత్తగారు చేత్తోనే కూర్చోమంది.

"తల తుడుచుకుని రా. జలుబు చేస్తుంది" అంది.

ముందుగదిలో బల్ల మీద ఆ మూడు పత్రాలూ ఉన్నాయి. వాటి పక్కన రాళ్ళ సీసా. కోడలు ఎదురుగా కూర్చుంది.

"నేను వెళ్ళి చూడలేదు అత్తయ్యా. చూశానని సంతకం పెట్టాను."

"తెలుసు. ఆ రోజు నువ్వెక్కడున్నావో నాకు తెలియదా? కళ్ళు తెరిచేసరికి మొదట కనబడింది నువ్వే." అత్తగారు సీసాని కాస్త పక్కకి జరిపింది. "సంతకం చూడగానే నీ మీద ఒళ్ళు మండింది. తేదీ చూశాక ఇంకా మండింది. ఎవరి మీద మండాలో మాత్రం తెలియలేదు."

"మీ దగ్గర కూర్చున్నాను కాబట్టి తప్పు కాకుండా పోదు."

"పోదు. పోతుందని నేనూ అనట్లేదు." ఆవిడ మూడు పత్రాలూ ముందుకు లాక్కుంది. "కానీ వాళ్ళు నీ దగ్గరికి ఆ రోజే రావడం చూడు. ఎర్ర దీపం కింద కూర్చున్న మనిషి దగ్గరికి. షెల్టర్లు కట్టానన్న ఆ వెధవ కాంట్రాక్టరుని..."

"సంతకం నాదే అత్తయ్యా."

"నీదే. అందుకే చెప్తున్నాను. రేపు ఫిర్యాదు పెడతాను. ఎవర్నీ వదలను, నీ సంతకం సంగతి కూడా రాస్తాను. రాయకపోతే నేను మనిషిని కాను."

"మీరు రాయకపోయినా నేను రాస్తాను. ఇందాక బస్సులోనే అనుకున్నాను. చూడకుండా పెట్టానని, ఎవరు పెట్టమన్నారో, ఎక్కడ పెట్టానో అన్నీ."

కట్టుడు పళ్ళాయన అప్పటిదాకా నోరు విప్పలేదు. "ఇద్దరూ ఒకే దాంట్లో రాయొచ్చుగా? కాగితమైనా కలిసొస్తుంది" అన్నాడు. ఇద్దరూ ఒకేసారి అటు తిరిగి చూసేసరికి లేచి టీ పెట్టడానికి వెళ్ళాడు.

కోడలు తువ్వాలు మడతపెడుతూ, విప్పుతూ, మళ్ళీ మడతపెడుతూ కూర్చుంది. చివరికి అంది.

"సమాచారం ఇచ్చేశాను. ఇప్పుడిక అడగొచ్చు. అసలు ఎందుకు అడిగారు అత్తయ్యా?"

అత్తగారు ముందు కళ్ళజోడు తీసి పెట్టె‌లో పెట్టుకుంది.

"ఆఫీసువాళ్ళు ఇంటింటికీ ఒక పుస్తకం పంచారు చూడు, ఊరికి ఏమేం చేశామని. పద్దెనిమిది షెల్టర్లు కట్టామని రాశారు. నా దగ్గర రిటైరైనవాళ్ళ పాసుంది, పనేముంది? రెండ్రోజులు అన్ని బస్సులూ ఎక్కి లెక్కపెట్టాను. పదహారే తేలాయి. పోస్టాఫీసు దగ్గర దిగి మరీ చూశాను." ఆవిడ చెయ్యి చాపి కోడలి చేతిలోంచి తడి తువ్వాలు తీసుకుంది. "మూడు వానాకాలాలుగా ఈ తువ్వాలు తగిలిస్తున్నాను. రోజూ దాన్ని పిండి ఆరేసేది నేను. అందరి కాగితాలూ ముప్పై రోజుల్లో తెచ్చిపెట్టే పిల్లకి నెత్తిన ఒక రేకు ముక్క పెట్టడానికి వీళ్ళకి ఏం రోగమొచ్చిందని కడుపు మండి అడిగాను. అంతే. ఇంకేం లేదు."

అత్తగారు లేచి కోడలి వెనక్కి వచ్చి, ఇంకా నీళ్ళు కారుతున్న ఆ జుట్టుని తనే తుడవడం మొదలుపెట్టింది, కాస్త గట్టిగానే.

మర్నాడు ఇద్దరూ ఒకే బస్సులో వెళ్ళారు. ఏడో స్టేజీలో దిగారు. ఇద్దరి దగ్గరా చెరో కవరు. ఫిర్యాదులు తీసుకునేది ఒకటో నంబరు కిటికీ. అత్తగారు వరసలో నిలబడింది. కోడలు ఆవిడ వెనక నిలబడింది. ఉద్యోగంలో చేరాక ఆమె కిటికీకి అవతల నిలబడ్డం అదే మొదటిసారి. సూపరింటెండెంటు గారు తన గది తలుపులోంచి ఇద్దర్నీ చూసి, ఏదో చెప్పబోయి, ఇద్దరి చేతుల్లో కవర్లు చూసి తలుపు దగ్గరగా వేసుకున్నారు.

"ఎన్ని రోజుల్లో తేలుస్తారు?" అంది అత్తగారు, తన రసీదు పరీక్షగా చూసుకుంటూ.

"ముప్పై అత్తయ్యా. అందిన రోజు లెక్కలోకి రాదు, రేపట్నుంచి" అంది కోడలు.

తర్వాత ఆమె వంతు. తను ఇంతకాలం జనం ముందుకి తోస్తూ వచ్చినలాంటి రిజిస్టరే ఇప్పుడు తన ముందుకి వచ్చింది. అందులో తన పేరు, తన హోదా, ఇచ్చిన కాగితం వివరం రాయాల్సిన గళ్ళు ఖాళీగా ఉన్నాయి. కిటికీలో గుమాస్తా ఆమె మొహం చూడలేక సంతకం గడి చూపించాడు. "ఇక్కడ పెట్టెయ్యండి మేడమ్, తర్వాత నేను నింపుకుంటాను."

ఆమె పెన్ను మూత తీసింది. మళ్ళీ పెట్టింది. ఖాళీ గళ్ళన్నీ అతను నింపేదాకా ఆగి, రిజిస్టరు తన వైపుకి తిప్పుకుని, మొదటి గడి నుంచి చదవడం మొదలుపెట్టింది. వెనక వరస పెరిగింది. ఎవరో గొణిగారు. ఎవరో "తొందరగా కానివ్వండమ్మా, ఒక సంతకానికి ఇంతసేపా?" అన్నారు.

కండక్టరమ్మ వెనక్కి తిరిగింది. ముందుకు జరగమని ఎవరికీ చెప్పలేదు.

"ఆగండి" అంది, ఆఫీసంతా వినబడేట్టు. "మా కోడలు చూడందే సంతకం పెట్టదు."